తలకిందులుగా అంటించిన స్టాంపులు

జూన్ 4

అన్నయ్యా,

నువ్వు చూశావు. చూసి కూడా చూడలేదంటున్నావు. చదవడం రానివాళ్ళని నేనెప్పుడూ ఏమీ అనను, వాళ్ళకి నేర్పనివాళ్ళని అంటాను. చదవడం వచ్చి, కళ్ళముందున్నదాన్ని చదవకుండా పక్కకి జరిపేసేవాళ్ళున్నారే, ఈ లోకాన్ని తగలేసింది వాళ్ళే. వాళ్ళలో నువ్వొకడివి.

అంత కోపం దేనికంటావు. చెబుతాను. ఫోన్లో చెబుదామంటే షాపులో జనం ఉన్నారని పెట్టేస్తావు. కాగితానికి ఆ సదుపాయం లేదు.

నాన్న పోయాక ఆయన స్టాంపుల ఆల్బం అమ్మకానికి తీశావు. స్టాంపుల కొట్టాయన బాగున్నవన్నీ ఏరుకుని, ముద్ర సరిగా కనపడనివి, వెలిసిపోయినవి చెత్త అని తోసేశాడు. ఆ చెత్తని కవర్లో వేసి నాకు పంపావు. "నాన్న దగ్గర నేర్చుకున్నది నువ్వే కదా మిరపకాయ్, వీటిలో పనికొచ్చేదేమన్నా ఉందేమో చూడు" అని చీటీ పెట్టావు. చూశాను.

వెలిసిన ముద్ర మీద ఎదురుగా వెలుతురు వెయ్యకూడదు. పక్కనించి, బల్లని రాసుకుంటూ పోయేలా టార్చి పెట్టాలి. సిరా పోయినా ముద్ర గుద్దిన చోట కాగితం నొక్కుకుని ఉంటుంది. ఆ నొక్కుల్లో నీడ నిలబడుతుంది. ఒక్క స్టాంపు మీద ముద్ర మొత్తం ఎప్పుడూ పడదు. ఒకదాని మీద పై వంపు, ఇంకోదాని మీద తేదీలో సగం. ట్రేసింగ్ కాగితం మీద ముక్కముక్కా దించుకుంటూ ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఎప్పటికో చక్రం పూర్తవుతుంది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే కళ్ళు నావి. తప్పు వెతకడం తప్ప వాటికి ఇంకో పని రాదు.

చక్రం పూర్తయింది. ఊరి పేరు ఉండాల్సిన చోట ఊరు లేదు. కొండ మీది ఆసుపత్రి ఉంది. చిన్నత్తని పెట్టిన ఆసుపత్రి.

నీకు గుర్తుండాలి. నువ్వు పదో తరగతి, నేను అయిదు. నాన్న చెల్లెలు. పేపరు పైకి చదువుతూ పేపరుతోనే పోట్లాడేది. తాతయ్య మాటకి ఎదురు చెప్పేది, ఒకసారి కాదు, ప్రతిసారీ. నాకు మిరపకాయ అని పేరు పెట్టింది ఆవిడే. గట్టిగా నవ్వుతుందనీ, ఒంటరిగా తిరుగుతుందనీ, నరాల జబ్బనీ అన్నారు. ఒక పొద్దున కారొచ్చింది. మరుసటేడు జ్వరంతో పోయిందన్నారు. మనల్ని తీసుకెళ్ళలేదు. ఫొటో గోడకెక్కించి కింద తేదీ రాశారు.

నా బల్ల మీదున్న ముద్రల తేదీలన్నీ ఆ ఫొటో కింది తేదీ తర్వాతివి. ఏడాది తర్వాతివున్నాయి. పదేళ్ళ తర్వాతివున్నాయి.

అన్నిటిమీదా ముద్ర తలకిందులుగా ఉంది. స్టాంపులో బొమ్మని నిటారుగా పట్టుకుంటే ముద్ర అక్షరాలు తలకిందులవుతాయి. అంటే పోస్టాఫీసువాడు సరిగానే గుద్దాడు, అంటించినవాళ్ళే స్టాంపుని తిరగేసి అంటించారు. అలా ఎవరు అంటించేవారో నీకూ తెలుసు. "ఈ పెద్దమనిషి రోజూ మన నెత్తినెక్కి కూర్చుంటాడు, కవరు మీదన్నా కాసేపు తలకిందులుగా వేలాడనీ" అని నవ్వేది.

నాన్న ఆ ఉత్తరాలు ఏం చేశాడు? స్టాంపులు మాత్రం ఎందుకు దాచాడు? ఆవిడ ఎప్పుడు పోయింది? అసలు పోయిందా?

జవాబు రాయి. ధరలు అడక్కు.

చెల్లెలు

జూన్ 12

మిరపకాయ్,

నేను రేటు అడిగితే నువ్వు నా మీద పోలీసు రిపోర్టు రాశావు. మొదటి పేరా చదివి, నేను నిద్రలో ఎవరినైనా పొడిచేశానేమో అనుకున్నాను. నీ పత్రికలో అచ్చేసుకోవాల్సిన వాక్యాలు నామీద వృథా చేస్తావెందుకు? మందుల షాపువాణ్ణి. నాకు దగ్గు తెలుసు, జ్వరం తెలుసు. లోకాన్ని తగలెయ్యడానికి నాకు ఖాళీ ఏదీ?

నింపాదిగా ఆలోచించు. నాన్న నలుగురి దగ్గరా స్టాంపులు పోగేసేవాడు. ఆఫీసులో గుమాస్తాల్ని అడిగేవాడు, పాత కాగితాలవాణ్ణి అడిగేవాడు. ఆ ఆసుపత్రిలో మన అత్త ఒక్కతే ఉందా? ఇంకెవరి ఉత్తరాలవో అయ్యుంటాయి. తలకిందులంటావా, తొందరలో నేనూ అలాగే అంటిస్తాను. తేదీలంటావా, అంత వెలిసిపోయిన చోట మూడుకీ ఎనిమిదికీ తేడా నీకెలా తెలిసింది? నీకు కావలసిన అంకె నీకు కనపడుతుంది. చిన్నప్పుడు గోడ మీద చెమ్మలో కూడా నీకు మొహాలు కనపడేవి.

పైగా ఆ ఆసుపత్రి మూసేసి ఎన్నేళ్ళయిందో. పేపర్లో వేశారు. గేటుకి తాళం వేసిన ఫొటో నేనే చూశాను.

అమ్మ బాగానే ఉంది. మాట తగ్గింది. ఒక్కోసారి నన్ను నాన్న అనుకుంటుంది. పొద్దున టపా వచ్చే వేళకి మాత్రం గోడ పట్టుకుని మెట్లు దిగి వీధి గుమ్మంలోకి వచ్చి కుర్చీలో కూర్చుంటుంది. ఆ అలవాటు పోలేదు. మధ్యాహ్నాలు వెనక వరండాలో బేసిన్ ముందేసుకుని ఏవో చేతిరుమాళ్ళు ఉతుకుతూ ఉంటుంది. వద్దంటే వినదు. చేతులు ఎప్పుడూ నానిపోయి ముడతలుపడి ఉంటాయి. ఆయింటుమెంటు రాస్తున్నాను.

నీ అనుమానం తీరాలని ఆల్బం ఆఖరి పేజీలో మిగిలిన వెలిసిన స్టాంపులు కూడా పంపుతున్నాను. ఇక ఆ పేజీ ఖాళీ. చూసుకుని, శాంతించి, నాలుగు మంచి ముక్కలు రాయి.

నీ మెడనొప్పికి మాత్రలు పెట్టాను. అన్నం తిన్నాకే వేసుకో, తర్వాత నన్ను తిట్టు.

అన్నయ్య

జూన్ 20

అన్నయ్యా,

మాత్రలు వేసుకున్నాను. ఇక తిట్లు.

అంకె నాకు కావలసినట్టు కనపడిందన్నావు. సరే, అంకెని నమ్మకు. కాగితాన్ని నమ్ము. స్టాంపు కాగితంలో తయారీ నాడే ఒక నీటిగుర్తు పడుతుంది. మామూలుగా కనపడదు. నల్ల పళ్ళెంలో స్టాంపుని బోర్లా వేసి బెంజీన్ చుక్క వదిలితే కాసేపు తేలి, ఆరగానే మాయమవుతుంది. చిన్నత్త పోయిందన్న నాటికి కాగితంలో గొలుసు గుర్తు వచ్చేది. నక్షత్రాలకి మార్చింది ఆ తర్వాత కొన్ని నెలలకి. నీ స్టాంపులు ఒక్కొక్కటీ పళ్ళెంలో వేశాను. ఒక్కదాంట్లోనూ గొలుసు లేదు. నక్షత్రాలు పైకి లేచి నన్ను చూసి ఆరిపోయాయి. అప్పటికింకా తయారే కాని కాగితం మీద, ఫొటో కింది తేదీకి ముందే ఎవరు ముద్ర గుద్దారో నీ మందుల పుస్తకంలో వెతుకు.

ఇంకెవరివో అన్నావు. అన్నీ తలకిందులుగా, అన్నీ ఎడమకి కొంచెం వాలి. తొందరలో అంటిస్తే ఒకటి వాలుతుంది. ఇన్నేళ్ళపాటు ఒకేలా వాలవు. అది ఒక చెయ్యి. నాకు తెలిసిన చెయ్యి.

కొత్తగా పంపినవాటిలో ముద్ర మొదట నలుపు. ఒక దగ్గర్నించి లేత నీలం, ఉతికిన చొక్కా మీద నీలిమందులాగా. నాసిరకం సిరా అయ్యుంటుంది. దాన్ని వదిలేశాను. వదలలేనిది వేరే ఉంది.

ఆఖరి రెండు స్టాంపుల తేదీలు నాన్న పోయాక పడ్డవి.

ఇప్పుడు చెప్పు, నాన్న ఏ కాగితాలవాణ్ణి అడిగి తెచ్చాడవి? ఉత్తరాలు ఇంటికి వస్తున్నాయి. ఎవరో తీసుకుంటున్నారు, స్టాంపు ఊడదీస్తున్నారు, ఆల్బంలో పెడుతున్నారు, మిగతాది పారేస్తున్నారు. ఆ ఇంట్లో మొగాడివి నువ్వొక్కడివే. నాన్న కుర్చీలో కూర్చున్నావు, నాన్న బీరువా తెరిచావు, నాన్న పని కూడా నువ్వే చేస్తున్నావా?

మీరంతా ఒకటే. ఎదురు మాట్లాడే ఆడదానికి గది చాలకపోతే ఆసుపత్రి, ఆసుపత్రి చాలకపోతే ఫొటో. ఫొటో ఎదురు మాట్లాడదు కదా. ఇంకో పదేళ్ళు ముందు పుట్టుంటే ఆ కారు నాకోసం కూడా వచ్చేదని నాకు ప్రతిరోజూ గుర్తొస్తుంది. ఆవిడ బతికే ఉంది. ముసలిదై, ఇంకా ఉత్తరాలు రాస్తూ, మన గుమ్మం వైపు చూస్తూ ఉంది. నేను తీసుకొస్తాను. నువ్వు అడ్డం రాకపోతే చాలు.

చెల్లెలు

జూన్ 29

చెల్లాయ్,

ఉత్తరం చదివి మూడు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. నాన్న పని నేను చేస్తున్నానట. ఆయన మంచం పట్టినప్పుడు పక్క మార్చింది నేను. నువ్వు మీటింగుల్లో ఉన్నావు. ఈ ముక్క రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

కానీ ఇప్పుడు రాస్తున్నది పోట్లాటకి కాదు. నాకు భయంగా ఉంది.

నీ మాట అబద్ధమని నాకు నేను చెప్పుకోడానికి నిన్న మధ్యాహ్నం భోజనం చేసి బీరువా తీశాను. ఆఖరి పేజీ నా చేత్తో నేనే ఖాళీ చేశాను, నీకు రాశాను కూడా. తెరిచేసరికి పేజీ మధ్యలో ఒక స్టాంపుంది. ఒకటే. వేలు పెడితే అంటుకుంది.

తడిగా ఉంది.

అంచులు ఇంకా వంకర తిరిగి ఉన్నాయి, అప్పుడే నీళ్ళలోంచి తీసినట్టు. దాని కింద కాగితం మీద చెమ్మ మచ్చ పెద్దదవుతూ ఉంది. నేను చూస్తూండగా పెద్దదైంది. నువ్వు చెప్పినట్టు బల్ల మీద పెట్టి పక్కనించి టార్చి వేశాను. నీలం ముద్ర. తలకిందులు. తేదీ ఈ వారానిది.

ఇంట్లో ఎవరూ లేరు. నీ వదిన వాళ్ళక్క దగ్గరికి వెళ్ళింది. నేనూ అమ్మా, అంతే. బీరువా తాళంచెవి ఎప్పట్లాగే తలుపు వెనక మేకుకి ఉంది. ఇంట్లోకి ఎవరూ రాలేదు. పొద్దుణ్ణించీ కింద షాపులోనే ఉన్నాను, మెట్లెక్కితే నాకు కనపడాలి.

హాల్లోకి వచ్చి చిన్నత్త ఫొటో చూశాను. చూడకుండా ఉండాల్సింది. ఆవిడ నవ్వు ఆపుకుంటున్నట్టుంది. ఇన్నేళ్ళుగా అలాగే ఉందా, నేనే నిన్న చూశానా? చిన్నప్పుడు చీకటంటే భయపడేవాణ్ణని నువ్వూ అత్తా కలిసి ఏడిపించేవాళ్ళు. ఇప్పుడు పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి ఉండగా, వెనక్కి తిరిగి చూడ్డానికి ధైర్యం చాలలేదు.

పోయినవాళ్ళకి మనమేదో బాకీ పడ్డట్టుంది. ఈ ఆల్బం ఇంట్లో వద్దు. వచ్చే వారం తీసుకెళ్ళి కాలవలో పడేస్తాను. నువ్వు నవ్వినా సరే.

అన్నయ్య

జూలై 3

అన్నయ్యా,

ఆల్బం ముట్టుకోకు. కాలవ సంగతి మర్చిపో.

నవ్వడం లేదు. నాకూ ఒళ్ళు జలదరించింది, అది ఒప్పుకుంటాను. కానీ దయ్యాలకి స్టాంపులు కొనే అలవాటు లేదు. తడి ఉందంటే నీళ్ళున్నాయి. నీళ్ళున్నాయంటే గిన్నె ఉంది. గిన్నె ఉందంటే చెయ్యి ఉంది.

ఇంట్లో ఎవరూ లేరని రాశావు. తర్వాతి ముక్కలోనే అమ్మ ఉందని రాశావు. నీ వాక్యాన్ని నువ్వే ఒకసారి చదువుకో. ఇల్లంతా మనిషి కోసం వెతికావు, దయ్యం దాకా వెళ్ళావు, మధ్యలో కూర్చున్న అమ్మని మనుషుల్లో లెక్కవెయ్యలేదు. నీ తప్పొక్కటే కాదు. నిన్ను తిట్టేటప్పుడు ఇంట్లో మొగాడివి నువ్వొక్కడివే అని రాశాను, నేనూ ఆవిణ్ణి లెక్కవెయ్యలేదు.

టపా ఎవరు అందుకుంటారు? వెనక వరండాలో ఎవరు బేసిన్ ముందు కూర్చుంటారు? నువ్వు ఆయింటుమెంటు రాసే చేతులు చూడు.

కోప్పడకు. పక్కన కూర్చుని అడుగు.

చెల్లెలు

జూలై 11

చెల్లాయ్,

కూర్చున్నాను. అడిగాను.

బుధవారం టపావాడు ఇచ్చిన కట్టలోంచి కరెంటు బిల్లు నాకిచ్చింది. ఒక కవరు చీరకుచ్చెళ్ళలో పెట్టుకుంది. షాపు మూసి వెనకే వెళ్ళాను. నన్ను చూసి దాచలేదు. నాన్న అనుకున్నట్టుంది.

బేసిన్లో నీళ్ళు పోసింది. కవరు చింపలేదు. మొత్తంగా అలాగే నీళ్ళలో పడుకోబెట్టింది, నిద్రపోయే పిల్లని దింపినట్టు. అరచేత్తో నెమ్మదిగా అదిమింది. కొంతసేపటికి నీళ్ళు నీలంగా అయ్యాయి. కవరు లోపల కాగితంలోంచి సిరా పొగలాగా బయటికి వస్తూ ఉంది. అక్షరాలు అక్షరాలుగా రాలేదు, చెల్లాయ్. చారలు చారలుగా వచ్చింది. స్టాంపు తేలింది. రెండు వేళ్ళతో తీసి మోకాలి మీద రుమాలుకి అద్దింది. మిగిలినదంతా ముద్ద చేసి పిండి తూములో వదిలింది.

"అమ్మా, ఎవరిది?" అన్నాను.

"మీ చెల్లెలిదే" అంది. నాన్నతో అన్నట్టే.

"అమ్మా, నేను. పెద్దాణ్ణి."

కాసేపు నా మొహం వెతికింది. "నువ్వా. షాపు ఎవరు చూస్తున్నార్రా?"

"మూశాను. ఆ ఉత్తరం ఎందుకు చదవలేదు?"

"అదేంట్రా, పోయినావిడ ఉత్తరం చదవకూడదు కదా."

"ఎవరన్నారు?"

"మీ నాన్న. చెల్లెలు మనకి పోయింది అన్నారు. స్టాంపు పనికొస్తుంది, అది తీసిపెట్టు, కవరు విప్పకు అన్నారు. మొదట్లో విప్పాను. 'వదినా' అని మొదలెట్టేది. అంతవరకే చదివేదాన్ని. ఆ మాట దాటి నా వల్ల కాలేదు. ఏడుస్తుంటే ఆయన చూసి, నీళ్ళలో వేస్తే ఒక్క దెబ్బకి రెండు పనులు అన్నారు."

"ఆవిడ పోలేదని నీకు తెలుసా?"

చేతులు తుడుచుకుంటూ నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "పోయినవాళ్ళు రాయకూడదని ఎక్కడుంది? రాస్తే మనమేం చేస్తాం."

తర్వాత స్టాంపు నా చేతిలో పెట్టి బీరువాలో పెట్టమంది. పెట్టాను. ఏం చెయ్యాలో తోచక పెట్టాను.

ఉత్తరాలన్నీ అమ్మకే రాసేది, నాన్నకి కాదు. ఇన్నేళ్ళూ "వదినా, వదినా" అని.

నువ్వు కొండకి వెళ్ళు. నీ వెంట నేనూ రావాలి. రాలేను. కాళ్ళు కదలడం లేదు, ఇంతకంటే కారణం లేదు. ఆవిడ కనపడితే ఏమనాలో నువ్వే చూసుకో. నువ్వు మాటకారివి.

కొండ మీద చలిగా ఉంటుంది. శాలువా పార్సిల్ చేశాను.

అన్నయ్య

జూలై 24

అన్నయ్యా,

కొండ కింద బస్టాండులో కూర్చుని రాస్తున్నాను. ఒళ్ళో సంచీ మీద కాగితం పెట్టుకున్నాను, అక్షరాలు అడ్డదిడ్డంగా ఉంటే సరిపెట్టుకో. వెలిసిన ముద్రలు చదివే ఇంట్లో పుట్టావు కదా.

నువ్వు పేపర్లో చూసిన తాళం నిజమే. ముందు గేటుకి అలాగే ఉంది, తుప్పు పట్టి. బోర్డు పీకేశారు. పెద్ద భవనంలో కిటికీల చెక్కలు కూడా లేవు. గోడ చుట్టూ నడిచాను. వెనక, వంటిల్లు ఉండే వైపు, పొగ వస్తోంది. తీగ మీద తెల్లటి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి, నీలిమందు పెట్టి. వాటి మధ్యలోంచి వెళ్ళాను. పొడుగాటి వరండా. గోడ వారగా బెంచీ. దాని మీద ముసలివాళ్ళు ఆరేడుగురు, అందరివీ ఒకేలా కత్తిరించిన జుట్లు, ఒకే రంగు చీరలు. ఎండకి మొహాలెత్తి కళ్ళు మూసుకుని ఉన్నారు.

నలభై ఏళ్ళ నాడు చూసిన మొహం అందులో ఏదో పోల్చుకోలేకపోయాను. అంత చదువరినని చెప్పుకునేదాన్ని. "అత్తా!" అన్నాను.

అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు.

ఒకావిడ లేచి దగ్గరికొచ్చింది. నా మొహం రెండు చేతులతో పట్టుకుని వెలుతురుకి పక్కగా తిప్పింది, నేను స్టాంపుని తిప్పినట్టు. "మిరపకాయ వచ్చింది" అంది. బెంచీ మీద ఇంకొకావిడ, "జడ కత్తిరించేశావేమే?" అంది. మూడో ఆవిడకి చూపు లేదు. "మీ అన్నయ్యకి ఇంకా చీకటంటే భయమేనా?" అని అడిగింది. తర్వాత అందరూ, ముందుగా అనుకున్నట్టు, "వదిన బాగుందా?" అన్నారు.

ఒక్కొక్కరినీ దగ్గర్నించి చూశాను. వాళ్ళలో ఎవరినీ నేను ఎప్పుడూ చూడలేదు, అన్నయ్యా. ఎవరూ చిన్నత్త కాదు.

వాళ్ళని చూసుకునే ఆయా వచ్చి కుర్చీ వేసి నీళ్ళిచ్చింది. ఆవిడ చెప్పింది ఇది.

ఆసుపత్రి మూసేటప్పుడు "ఫలానా మనిషి మావాళ్ళే" అని ఎవరైనా వచ్చి సంతకం పెడితే పంపించేశారు. ఎవరూ రానివాళ్ళు మిగిలిపోయారు. వాళ్ళంతా ఇళ్ళకి ఉత్తరాలు రాసేవారు. ఇంటివాళ్ళు రాసిచ్చిన అడ్రసులు సగం దొంగవి. తక్కినవాళ్ళు తీసుకోలేదు. ఉత్తరాలన్నీ తిరిగొచ్చేవి. ఒక్క అడ్రసుకి రాసినవి మాత్రం ఎప్పుడూ తిరిగి రాలేదు. నీలం గేటు, కింద మందుల షాపు, పైన ఇల్లు. మనది.

తిరిగి రాలేదంటే ఎవరో తీసుకుంటున్నారు. తీసుకుంటున్నారంటే చదువుతున్నారు. వాళ్ళ లెక్క అది. అందులో తప్పెక్కడుంది? చిన్నత్త వాళ్ళకి మనందరి గురించీ చెప్పింది. నీ భయం, నా జడ, అమ్మ గొంతు, తాతయ్య దగ్గు. చిన్నత్త పోయాక వాళ్ళు ఆ ఉత్తరాలు ఆగనివ్వలేదు. వంతులవారీగా రాస్తారు. "వదినా" అని మొదలెడతారు, చిన్నత్త పేరు పెట్టి ముగిస్తారు. ఆ పేరుతో రాస్తేనే ఉత్తరం తిరిగి రాకుండా నిలబడుతుందని నమ్మకం. స్టాంపు తలకిందులుగా, ఎడమకి వాల్చి అంటిస్తారు, ఆవిడ నేర్పినట్టే. అది ఒక చెయ్యి అని నేను నీకు రాశాను. ఎన్ని చేతులో నాకు తెలియలేదు.

ఆసుపత్రి లోపల నడిచిన పోస్టాఫీసు ముద్ర ఒకటి అక్కడే ఉండిపోయింది, పోస్టాఫీసువాళ్ళు తిరిగి పట్టుకెళ్ళలేదు. మూసేశాక ముద్రసిరా రావడం ఆగిపోయింది. ఆయా దుప్పట్లకి పెట్టే నీలిమందు గుడ్డ మీద అద్ది గుద్దుతుంది, పాలవాన్ మీద కట్ట కిందికి పంపుతుంది. కింది పోస్టాఫీసులో ఎవరూ పట్టించుకోరు. నలుపు ఆగి నీలం మొదలైన చోటు గుర్తుందా? నేను నాసిరకం సిరా అని వదిలేసిన చోటు? ఆసుపత్రి మూసిన చలికాలం అది. చిన్నత్త పోయింది కూడా ఆ చలికాలంలోనే. నల్లవన్నీ ఆవిడవి. ఫొటో కింది తేదీ నుంచి ఆ నీలం దాకా ఆవిడ బతికుండి మనకి రాసింది. ఆ తర్వాతివి వీళ్ళవి. నీ మాటల్లో ఒకటి నిజమైంది, "ఇంకెవరివో" అన్నావు. నేను బతికుంది అన్నాను, ఓడిపోయాను. ఓడిపోయినందుకు వరండాలో కూర్చుని ఏడిస్తే వాళ్ళు నన్ను ఓదార్చారు.

చిన్నత్త మంచం ఇంకా అలాగే ఉంది. రోజూ దుప్పటి మారుస్తారు. ఎవరూ పడుకోరు. దిండు మధ్యలో నొక్కు ఉంది. ఆయాని అడిగాను, ఎవరు పడుకున్నారని. దిండు చూసి, నన్ను చూసి, దుప్పటి అంచు సర్దింది. నేను దయ్యాల్ని నమ్మను. ఈ విషయం మాత్రం నీకు రాయకుండా ఉండలేకపోయాను.

వచ్చేస్తుంటే చూపు లేని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "వదిన ఏమంటుంది, మా ఉత్తరాలు చదివి?" అంది. నా జీవితమంతా నోరు మూసుకోమన్నవాళ్ళ మీద అరిచి బతికాను. ఆ ఒక్క ప్రశ్నకి నా నోరు దానంతటదే మూసుకుంది. "చెబుతానంది, రాస్తానంది" అన్నాను. ఇప్పుడది మన మెడకి చుట్టుకుంది, నీకూ నాకూ.

కాబట్టి ఉపన్యాసం ఆపుతున్నాను. నాకు కావలసినవి ఇవి:

ఒకటి. నల్లవీ నీలివీ, ఒక్క స్టాంపు కూడా అమ్మొద్దు. కొట్టాయన అడిగితే పోయాయని చెప్పు.

రెండు. ఫొటో కింద తేదీ చెరిపి సరైనది రాయి. తేదీ నేను పంపుతాను.

మూడు. అమ్మని ఏమీ అనకు. బేసిన్ మాత్రం అక్కణ్ణించి తీసెయ్.

నాలుగు. ఇక వచ్చే ప్రతి ఉత్తరం విప్పు. అమ్మ పక్కన కూర్చుని పైకి చదువు. "వదినా" దగ్గర ఆగకు.

అయిదు. నీ షాపులోంచి కంటిచుక్కల మందు, కాళ్ళ పగుళ్ళకి ఆయింటుమెంటు, దగ్గు మందు. ఆరేడుగురికి. ముద్రసిరా ఒక సీసా.

ఆరు. నీ గుర్తింపు కార్డు తీసుకుని వచ్చే సోమవారం ఇక్కడికి రా. వెళ్ళిపోతామన్నవాళ్ళందరికీ నువ్వూ నేనూ మావాళ్ళేనని సంతకం పెడదాం. కాళ్ళు కదలకపోతే నా చెయ్యి పట్టుకో.

ఏడు. వచ్చేలోపు వాళ్ళకి జవాబు రాయి. ఒక్కొక్కరినీ సొంత పేరేమిటో అడుగు. నేను అడగడం మర్చిపోయాను.

ఎనిమిది. స్టాంపు తలకిందులుగా అంటించు, ఎడమకి కొంచెం వాల్చి. లేకపోతే మననించి అని వాళ్ళు నమ్మరు.

మిరపకాయ